బట్ట అతికించిన పుస్తకం కోసం

ఆదోని దాకా వెళ్లి మంత్రాలయం చూడకుండా తిరిగొచ్చానంటే మా అత్తగారు ఇప్పటికీ నమ్మరు. "అంత దగ్గరికెళ్లి కూడానా?" అని ఎన్నిసార్లు అడిగారో లెక్కలేదు. ఒక పుస్తకం కోసం వెళ్లానంటే, హైదరాబాదులో పుస్తకాలు దొరకవా అంటారు. దొరకవండీ, ఆ పుస్తకం ఎక్కడా దొరకదు. అందుకే వెళ్లాను.

ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి. పరిశోధన పుస్తకాలు వేసే ఒక చిన్న ప్రచురణ సంస్థలో పనిచేస్తున్నాను. ఇలాంటి పుస్తకాలు కొనేవాళ్లు ఎంతమంది ఉంటారు? ఏ మూలో ఒక లెక్చరరు, ఏ యూనివర్సిటీలోనో ఇద్దరు విద్యార్థులు. అయినా వెనకటికి వేస్తే వందల కాపీలు ఒకేసారి వేయాల్సిందే. అమ్ముడుపోనివి గోడౌన్లో పడి చెమ్మ పట్టేవి. మిగిలినవి చెదల పాలు, తర్వాత తూకం కాటా పాలు. ఒక మనిషి పదేళ్లు తిరిగి రాసిన పుస్తకాన్ని పాత పేపర్లతో కలిపి తూస్తుంటే చూడలేక నేను బయటికి వెళ్లిపోయేదాన్ని.

ఇప్పుడు గోడౌన్ లేదు. పుస్తకం కంప్యూటర్లో ఉంటుంది, ఎవరైనా అడిగితే అప్పుడు అచ్చవుతుంది. ఒకరు అడిగితే ఒకటే. ఎప్పుడో కాపీలు అయిపోయిన పుస్తకం ఒకటి ఆ యంత్రంలోంచి వేడివేడిగా ఒక్కటే బయటికొచ్చిన రోజున ఏడ్చేశాను. మా ఆఫీసు వాళ్లు ఇప్పటికీ ఆ మాటెత్తి ఆటపట్టిస్తారు. పట్టించనివ్వండి.

అలా మళ్లీ ప్రాణం పోయాలనుకున్న వాటిలో ఎమ్మిగనూరు మగ్గాల మీద ఆదోని గిరిజమ్మగారు రాసిన, ఒకప్పుడు మా సంస్థే వేసిన పుస్తకం ఒకటి. ఆవిడ ఆడపిల్లల కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఆ పుస్తకంలో ఒక విశేషం ఉంది. చీరల అంచులు, దుప్పట్ల అంచుల గురించి చెప్పిన చోటల్లా బొమ్మ ఉండదు, అసలు బట్ట ముక్కే అతికించి ఉంటుంది. ప్రతి కాపీలోనూ! ఇప్పుడు పరిశోధన చేస్తున్న పిల్లలు ఆ పుస్తకం కావాలని మాకు రాస్తూనే ఉన్నారు. మేం హైదరాబాదులో ఒక లైబ్రరీ కాపీ తీసుకుని, బట్ట ముక్కలన్నీ మంచి రంగుల్లో ఫోటోలు తీయించి, నమూనా కాపీ ఒకటి తయారుచేశాం. అనుమతి కోసం గిరిజమ్మగారికి ఫోన్ చేస్తే ఒక్క ముక్కలో తేల్చేశారు.

"బట్ట లేకుండా నా పుస్తకం వద్దమ్మా."

ఆవిడ సంతకం పెట్టకపోతే ఆ పుస్తకం కథ అక్కడితో సరి. నమూనా కాపీ సంచీలో పెట్టుకుని, ఎదురుగా కూర్చుని మాట్లాడితే కరగని వాళ్లుంటారా అనే ధీమాతో రైలెక్కాను.

ఉగ్గాని

తెల్లారి ఆదోనిలో దిగేసరికి కడుపులో ఎలకలు పరుగెడుతున్నాయి. స్టేషను దగ్గర బండి మీద ఉగ్గాని, బజ్జి. ముప్పై రూపాయలకు ప్లేటు నిండా పెట్టాడు. మా తెనాలిలో మరమరాలంటే పిల్లల చేతిలో పొట్లం. ఇక్కడ వాటిని బొరుగులంటారు. నీళ్లలో తడిపి, గట్టిగా పిండేసి, ఉల్లిపాయలు, పసుపు వేసి తాలింపు పెట్టి, పైన పప్పుల పొడి చల్లి, పొద్దున్నే పెద్దవాళ్లు కడుపునిండా తింటారు.

తెనాలి దాన్ని, కారం గురించి నాకు చెప్పేదెవరనుకుంటూ మిరపకాయ బజ్జి సగానికి కొరికాను. కళ్లల్లోంచి, ముక్కులోంచి ధారలు. నీళ్ల గ్లాసు అందుకోబోతే బండాయన వారించాడు.

"నీళ్లు తాగొద్దక్కా, ఇంగా మండుతాది. ఉగ్గాని నోట్లో ఏసుకోండి. యా ఊరు మీది?"

"తెనాలి."

"గుంటూరు కారం తినేటోళ్లేనా మీరు!" అని పక్కనున్న ఇద్దరికి కూడా వినపడేలా అన్నాడు. నా పరువు ఆదోనిలో దిగిన అరగంటలోనే పోయింది.

ఆటో పత్తి మార్కెట్ యార్డు మీదుగా వెళ్లింది. పత్తి దిగే రోజులు. ట్రాక్టర్లు, లారీలు, ఎడ్లబండ్లు, తెల్లటి కుప్పలు. ఒక మూల తెలుగు, ఒక మూల ఉర్దూ, హొళగుంద వైపు నుంచి వచ్చిన రైతులది కన్నడం. బేరం మాత్రం అందరికీ అర్థమవుతోంది. గాలిలో దూది పింజలు ఎగురుతున్నాయి. ఆటో నడిపే ఆయన ముక్కుకు రుమాలు కట్టుకుంటూ, "ఈడ నాలుగు నెలలు ఇంతేనమ్మా, దూది తినే బతుకుతాం" అన్నాడు నవ్వుతూ.

నల్ల చదరాలు

గిరిజమ్మగారు ఇంటికి చెప్పిన గుర్తుల్లో ఏదీ కనపడలేదు. కాలేజీ పక్కన ఒక జిరాక్స్ షాపు దగ్గర దిగి అడిగాను. షాపు నడిపే ఆవిడ షంషాద్. నలభై ఏళ్లుంటాయి, నల్ల స్కార్ఫు, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక కాగితం.

"మా మేడం ఇల్లా? నేను ఆమె స్టూడెంటునే. ఆ మేడమీదే ఉంటారు," అంటూ పైకి చూపించింది.

నేను కదలబోతూ ఆగిపోయాను. వెనక అరలో స్పైరల్ బైండింగ్ కట్టిన పుస్తకాల వరుసలో గిరిజమ్మగారి మగ్గాల పుస్తకం! మా సంస్థ పేరుతో సహా. తీసి చూశాను. అక్షరాలు బాగానే ఉన్నాయి. బట్ట ముక్క ఉండాల్సిన చోటల్లా నల్లటి చదరం. ఇరవై పేజీలు తిప్పినా నలుపే. ఎర్ర అంచు అని కింద రాసి ఉంటుంది, పైన బొగ్గు.

నా కోపం సంగతి మా ఇంట్లో అడగండి. "ఇది దొంగతనం కాదా అమ్మా? మా పుస్తకం మీరు ఎలా అమ్ముతారు?" అన్నాను.

షంషాద్ ఏమాత్రం జంకలేదు. "మీరు ఏయరు, మేము తీసిస్తే దొంగతనమా అక్కా? పిల్లలు వచ్చి ఏడుస్తాండారు, ప్రాజెక్టుకు కావల్లని. ఒకరొస్తే ఒకటి తీస్తాను, ఇద్దరొస్తే రెండు. అది గూడా ఒక పిల్ల సెప్పి పోయిందే. ఊరికే తీసి పెట్టుకుంటే నాకు కాగితం దండగ గదా."

అడిగినవాళ్లకు అడిగినప్పుడు ఒక్కటే! లక్షలు పోసి మేం తెచ్చుకున్న యంత్రం చేసే పని ఈవిడ ఇక్కడ ఎప్పటినుంచో చేస్తోంది. నవ్వొచ్చేసింది. నేను నవ్వగానే చాయ్ తెప్పించింది. అల్లం ఘాటుగా, గ్లాసు చిన్నదిగా, ఒక గుక్కకు సరిపోయేంత.

"మేడం ఒప్పుకోదక్కా," అంది చాయ్ తాగుతూ. "నేనే రంగుల జిరాక్స్ తీద్దామంటే వద్దనింది. అడిగి సూడండి మీరు."

మేడమీద

గిరిజమ్మగారు తలుపు తీసి, పలకరించడానికి ముందే నా జుట్టులోంచి ఒక దూది పింజ తీశారు. దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసి, "ఈ ఏడు పత్తి బాగుండాది," అన్నారు. సన్నటి మనిషి, నేత చీర, పెద్ద కళ్లద్దాలు.

జొన్నరొట్టె, వంకాయ కూర, వేరుశనక్కాయల పొడి పెట్టారు. మా వైపు రొట్టెలంటే జబ్బు చేసినవాళ్లకు. ఇక్కడ అన్నం వద్దన్నా ఎవరూ బాధపడరు, రొట్టె వద్దంటే ముఖం మాడుతుంది. నేను మూడు తిన్నాను. అప్పుడు నమూనా కాపీ తీసి ఆవిడ చేతిలో పెట్టాను.

ఆవిడ చదవలేదు. కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, ఎర్ర అంచు ఫోటోను వేలితో నెమ్మదిగా నిమిరారు. తర్వాత పక్కనున్న అక్షరాలను నిమిరారు.

"రెండూ ఒకటే మాదిరి ఉండాయమ్మా. నున్నగ."

"రంగు మాత్రం అచ్చం అదేనండీ."

"రంగు సరే. ఇది ఎట్ల చేసినామో నీకు తెలుసా?" అని మొదలుపెట్టారు. అప్పట్లో మా సంస్థకు రంగుల బొమ్మలు వేసే స్తోమత లేదు. నలుపు తెలుపులో అంచులు ఏం తెలుస్తాయని ఆవిడ ఎమ్మిగనూరులో దిగులుగా కూర్చుంటే, నేతవాళ్లే అన్నారట, బొమ్మ దేనికి, బట్టే ఇస్తామని. అచ్చయిన పుస్తకాలన్నీ లారీలో ఎమ్మిగనూరుకు తెప్పించారు. వీధిలో ఆడవాళ్లందరూ వసారాల్లో కూర్చుని, మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి, ఒక్కొక్క పుస్తకానికీ ముక్కలు అతికించారు.

"ముందు మాటలో మీ పేర్లన్నీ ఏస్తానని అడిగినానమ్మా. ఒక్కరూ ఒప్పుకోలేదు. మా బట్ట ఉండాది గదా, ఇంగ పేరేంటికి అన్నారు. ఇప్పుడు ఆ బట్ట తీసేస్తే, వాళ్లను పుస్తకంలోంచి నేనే బయటికి పంపినట్లు గాదా?"

ఎదురుగా కూర్చుంటే కరిగిస్తాననుకుంటే, కరిగింది నేను. పుస్తకం లేకపోవడం కన్నా ఫోటోల పుస్తకం మేలు కదా అని మాత్రం గొణిగాను.

"నేను కాదు చెప్పాల్సింది," అన్నారు చివరికి. "ఆ రోజు బట్టలిచ్చినోళ్లలో ఈరన్న ఇంగా నేస్తాండాడు. పోయి సూపించు. ఆ ఇంట్లో సరే అంటే నేనేంటికి కాదంటాను?"

ఎమ్మిగనూరు

మర్నాడు బస్సు నల్లరేగడి చేల మధ్య నుంచి వెళ్లింది. దారంతా పత్తి, అక్కడక్కడ ఎండుమిరప కళ్లాలు. ఆ మిరపకాయల్ని చూడగానే నా నాలుక చురుక్కుమంది.

చేతులూపుకుంటూ ఇంకొకరింటికి వెళ్లడం మర్యాద కాదని ముందు బజారుకు వెళ్లి, వాళ్ల కోసం అరటిపళ్లు కొనాల్సింది మరిచి, ఒక నేత బట్టల కొట్లో నా కోసం దుప్పటి కొన్నాను. అదీ నా వరస. కొట్లో ఆయన దుప్పటి పరచగానే నేను బాగుందన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "ఉండండమ్మా, ఇంగా సూడలేదు మీరు," అని దాన్ని బోర్లా తిప్పి అంచు వెనక వైపు చూపించాడు. దారాలు ఎక్కడా వేలాడకుండా, తెగకుండా సాఫీగా ఉన్నాయి. పక్కన ఇంకొకావిడ చీర చూస్తోంది. ఆవిడ ముందు వైపు చూడనే లేదు, చేతిలోకి తీసుకోవడమే తిరగేసి తీసుకుంది. మా ఊళ్లో చీర భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకుంటాం. ఇక్కడి వాళ్ల చేతులు ముందు వెనక్కే పోతాయి. వింతగా ఉందే అనుకుని, అరటిపళ్లు గుర్తొచ్చి పరుగెత్తాను.

ఈరన్నగారి వీధిలో సగం ఇళ్లలోంచి మగ్గాల చప్పుడు. మిగతా సగం నిశ్శబ్దం. ఆ ఇళ్ల పిల్లలు బెంగళూరు పనులకు వెళ్లారట. ఈరన్నగారు గుంట మగ్గంలో కాళ్లు పెట్టి నేస్తున్నారు. ఆయన భార్య లక్ష్మీదేవి గుమ్మం దగ్గర కండెలకు నూలు చుడుతోంది. గిరిజమ్మగారి పేరు చెప్పగానే ఇద్దరి ముఖాలూ విప్పారాయి.

"రాండి, కూసోండి. మేడం బాగుండాదా? కాళ్ల నొప్పి తగ్గిందా?" అంటూ లక్ష్మీదేవి చాప వేసింది.

వచ్చిన పని చెప్పాను. పుస్తకం మళ్లీ వస్తుందని, కానీ బట్ట ఉండదని, ఫోటోలే ఉంటాయని, ఎవరు ఎప్పుడు అడిగితే అప్పుడు అచ్చవుతుందని.

"ఒకరు అడిగితే?" అంది లక్ష్మీదేవి.

"ఒకటే వేస్తాం."

"ఒకటేనా?" ఆమె నమ్మలేదు. "మేము సీర ఒకటే నేయమంటే నేయలేము తల్లీ. పడుగు పోసినంక అన్నీ నేయల్ల. ఒకటే అయితే గిట్టుబాటు యాడ?"

"అది ఆ యంత్రం తెలివి. ఒకటైనా వంద అయినా దానికి ఒకటే."

ఈరన్నగారు చేతులు తుడుచుకుని పుస్తకం తీసుకున్నారు. పేజీలు తిప్పుతూ ఎర్ర అంచు దగ్గర ఆగారు. "ఇది మా నాయన నేసిందే. ఈ మూడు గీతలు సూడు, ఆయన తప్ప ఇంగెవురూ ఏయరు." కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూశారు. ఫోటో బాగుందని తలూపారు. హమ్మయ్య అనుకున్నాను.

అంతలో ఆ పేజీ తిప్పారు. వెనక మూడో అధ్యాయం మొదలైంది. మళ్లీ ముందుకు తిప్పారు. మళ్లీ వెనక్కి.

"ఎనకాల యాడమ్మా?"

"ఏమిటండీ?"

"బట్ట ఎనకాల."

లక్ష్మీదేవి పకపకా నవ్వింది. "పుస్తకానికి ఎనకాల అచ్చరాలు ఉంటాయి గానీ దారాలు ఉంటాయా?"

"నవ్వుతావు గానీ," అన్నారు ఆయన. "మన అమ్మోళ్లు ఎట్ల అతికించినారు? జిగురు పైనొక్కటే పెట్టినారు. కింద ఒదిలేసినారు. ఏంటికి? ఎత్తి సూడల్లనే గదా!"

నేను చూసిన లైబ్రరీ కాపీలో ఏ ముక్కా లేచేది కాదు. ఊడిపోకుండా ఎవరో జాగ్రత్తపరుడు నాలుగు వైపులా గట్టిగా అంటించేశాడు. ఆ ముక్కలు ఎత్తి చూసేవని మాకు తెలిసే దారే లేకపోయింది. కొట్లో దుప్పటి, చీర తిరగేసిన ఆవిడ చేతులు, ఇప్పుడు పేజీని అటూ ఇటూ తిప్పుతున్న ఈ చేతులు.

"ఈరన్నగారూ, ఈ కాగితానికి ముందు వైపు బట్ట ముందు, వెనక వైపు బట్ట వెనక వేస్తే? అక్షరాలు ఏవీ లేకుండా?"

ఆయన ఆ పేజీని నెమ్మదిగా తిప్పారు, ఈసారి అక్కడ లేనిదాన్ని చూస్తున్నట్టు.

"తిప్పితే కనపడతాదా?"

"కనపడుతుంది."

"తాకితే తెలీదు. బట్ట బట్టే," అన్నారు. "అయినా సూడొచ్చు. పని ఎట్ల చేసినామో సూడొచ్చు. ఏయండి," అన్నారు.

లక్ష్మీదేవి కండె పక్కన పెట్టింది. "అట్లయితే మా అత్త పేరు ఏస్తారా? నాగమ్మ. ఆ మూడు గీతల నూలుకు రంగు ఎక్కించింది ఆమెనే. అప్పుడు బట్ట ఉండె, పేరేంటికి అన్నారు. ఇప్పుడు బట్ట ల్యాకపాయె గదా, పేరన్నా ఉండనీండి."

ఇంతకన్నా న్యాయమైన మాట ఈ ఉద్యోగంలో నేను వినలేదు. ఎవరు పని చేసిన బట్ట వెనక వాళ్ల పేర్లు వేస్తామని అక్కడే మాటిచ్చాను. ఎవరి పేరైనా ఇప్పుడు గుర్తు రాకపోతే ఫరవాలేదు, గుర్తొచ్చినప్పుడు చేరుస్తాం, ఆ తర్వాత అచ్చయ్యే కాపీలన్నింటిలో ఉంటుంది అని చెప్పాను. వందల కాపీలు ఒకేసారి వేసే రోజుల్లో ఇలా మాటివ్వగలిగేదాన్నా?

వచ్చేటప్పుడు ఓళిగలు, అంటే మా వైపు బొబ్బట్లు, పెట్టి, నేను తెచ్చిన అరటిపళ్లలో సగం తిరిగి నా సంచీలోనే వేశారు.

మళ్లీ షంషాద్ దగ్గరికి

ఆదోనికి తిరిగొచ్చి జరిగిందంతా గిరిజమ్మగారికి చెప్పాను. విన్నాక లోపలికి వెళ్లి, పాత చీరలో చుట్టి దాచిన తన కాపీ తెచ్చారు. ఎర్ర అంచు ముక్క కింది కొస పట్టుకుని పైకెత్తారు. అది తలుపులా లేచింది. లోపల, ఇన్నేళ్లుగా వెలుతురు తగలని రంగు ముందు వైపు కన్నా ముదురుగా ఉంది.

"ఎత్తి సూసి శానా రోజులాయె," అన్నారు.

ఇద్దరం కిందికి దిగి, షంషాద్‌తో కలిసి ఆమె షాపులో పనిలో పడ్డాం. బట్ట ఎత్తి పట్టుకుంటే స్కానర్ మూత పడదు, వదిలేస్తే బట్ట కిందికి వాలిపోతుంది. గిరిజమ్మగారు వేలితో పట్టుకుంటే షంషాద్ పైన నల్లగుడ్డ కప్పి స్కాన్ చేసింది. మధ్యలో ఎవరో ఆధార్ జిరాక్స్‌కు వస్తే, "ఈ పొద్దు మేడం పనప్పా, రేపు రా," అని పంపేసింది. ఒక దాంట్లో గిరిజమ్మగారి గోరు కూడా పడింది. మళ్లీ తీద్దామంటే షంషాద్ ఒప్పుకోలేదు, మేడం కూడా ఉండాలి గదా పుస్తకంలో అంది. అలాగే ఉంచేశాం.

ఆ నల్ల చదరాల కాపీల సంగతి నేనే ఎత్తాను. ఇకమీదట పిల్లలు అడిగితే షంషాద్ మాకు ఆర్డరు పంపుతుంది, దానికి కమిషన్ ఇస్తాం. "ముందే సెప్పింటే నేనేంటికి నలుపు అమ్ముతాను?" అంది, తప్పంతా మాదేనన్నట్టు. నిజమే కూడా.

సంతకం మాత్రం గిరిజమ్మగారు అప్పుడు పెట్టలేదు. "అచ్చయింది సూసి పెడతాను. నా చేతికి రానీ," అన్నారు. మంత్రాలయానికి బస్సు కళ్లెదుటే వెళ్లిపోతుంటే, బట్టల స్కాన్లు ఉన్న పెన్ డ్రైవ్ పర్సులో మూడో సారి తడుముకుని, నేను హైదరాబాదు రైలెక్కాను.

ఇంటికొచ్చాక

ఒక్క కాపీ వేసి ఆదోనికి పంపాం. ఆ రోజులన్నీ ఫోన్ మోగితే ఉలిక్కిపడేదాన్ని. ఆవిడ కాదంటే ఈరన్నగారికి ఏం చెప్పాలి, లక్ష్మీదేవికి ఏం చెప్పాలి అని ఒకటే బెంగ. చివరికి ఒక మధ్యాహ్నం, అన్నం కలుపుకుంటుంటే మోగింది.

"వచ్చిందమ్మా," అన్నారు గిరిజమ్మగారు. నేను ఎంగిలి చేత్తో అలాగే నిలబడ్డాను.

"చూశారా అండీ?"

"పుస్తకం తీసినా. ఎర్ర అంచు వచ్చింది. ఫోటో అని తెలుసు గదా, అయినా నా చెయ్యి దానంతట అదే తిప్పింది. వాళ్లంతా ఆడ ఉండారమ్మా. సంతకం చేసి షంషాద్‌కు ఇచ్చినా, ఈ పొద్దే పంపిస్తాది."

ఆ రోజు నేను అన్నం ఎలా తిన్నానో నాకే తెలీదు.

సంతకం చేరిన వారంలోనే షంషాద్ నుంచి మొదటి ఆర్డరు వచ్చింది. ఏ విద్యార్థో అనుకున్నాను. చిరునామా చూస్తే ఎమ్మిగనూరు. పేరు లక్ష్మీదేవి, కాపీలు ఒకటి. నిజంగా ఒకటే ఇస్తారో లేదో చూద్దామనుకుందేమో!

యంత్రం దగ్గరికి నేనే వెళ్లి నిలబడ్డాను. పుస్తకం వెచ్చగా చేతిలోకి వచ్చింది. ఎర్ర అంచు పేజీ వెతికి, ముందు వైపు చూడకుండా తిప్పాను. దారాల కింద, చిన్న అక్షరాల్లో, నాగమ్మ అని ఉంది. దాన్ని ప్యాక్ చేసి ఎమ్మిగనూరుకు పంపించాను.